సూపర్‌హీరో బెల్టు: చవగ్గా, చిరగకుండా, జారకుండా

కాస్‌ప్లే (సినిమా, కామిక్స్ పాత్రల్లా తయారవడం) వేషంలో అన్నిటికన్నా ముందు పాడయ్యేది బెల్టే. చాలామంది నడుముకి సరిపడా ఫోమ్ ముక్క కత్తిరించి, వెనక వెల్‌క్రో అంటించి, రంగేసి కట్టేసుకుంటారు. నిలబడి ఫొటోలు దిగినంతసేపూ బానే ఉంటుంది. కూర్చోగానే పొట్ట ముందుకొస్తుంది, ఆ లాగుడంతా ఫోమ్ మీద పడుతుంది, వెల్‌క్రో అంటించిన చోట ఫోమ్ పైపొర లేచి వచ్చేస్తుంది. ఊడిన వెల్‌క్రో వెనక చూడండి, గమ్‌తో పాటు ఫోమ్ పొర కూడా అతుక్కుని ఉంటుంది. అంటే గమ్ తన పని తాను చేసింది, చిరిగింది ఫోమ్. ఇంకా ఖరీదైన గమ్ కొంటే తీరే సమస్య కాదిది.

అందుకని పనిని రెండుగా పంచాలి. లాగుడు, బరువు భరించేది లోపలి నవారు. పైకి కనిపించేది ఫోమ్. నవారు ఫోమ్ వెనక, లంగాలో బొందు జారినట్టు, స్వేచ్ఛగా జారాలి. రెండిటినీ పొడుగునా గమ్‌తో అంటించేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. ఇక్కడ చెప్పే కొలతలు బ్యాట్‌మన్ తరహా, చుట్టూ చిన్న పెట్టెల్లాంటి అరలున్న బెల్టుకి. అరలు లేని సాదా బెల్టు కావాలంటే ఆ భాగం వదిలేయండి, మిగతాదంతా ఒకటే.

కావలసినవి

- 38 మిల్లీమీటర్ల వెడల్పు నవారు: నడుము కొలత మీద 30 సెంటీమీటర్లు ఎక్కువ
- అదే వెడల్పుకి సరిపోయే ప్లాస్టిక్ క్లిప్ బకిల్, బ్యాగుల నడుము పట్టీకి ఉండే రకం: 1
- 5 మి.మీ. ఈవీఏ ఫోమ్ (రబ్బరులా వంగే తేలికైన ఫోమ్): ఒక మీటరు పొడవు, అర మీటరు వెడల్పు షీటు సరిపోతుంది
- 10 మి.మీ. ఫోమ్: రెండు అరచేతులంత ముక్క
- 2 మి.మీ. ఫోమ్: అంచు పట్టీలకీ, చిహ్నానికీ కొద్దిగా
- మందపాటి నూలు గుడ్డ (పాత జీన్స్ ప్యాంటు చాలు)
- 25 మి.మీ. నవారు: ఒక్కో అరకి 20 సెం.మీ.
- కుట్టే రకం వెల్‌క్రో: సుమారు అర మీటరు
- కాంటాక్ట్ గమ్ (చెప్పులు అతికించే పసుపు రంగు గమ్ ఈ జాతిదే)
- విరిచే బ్లేడ్ల కట్టర్, 120 నంబరు ఉప్పు కాగితం, హీట్ గన్ (బాగా వేడి గాలి ఊదే పరికరం), పాలియెస్టర్ దారం, దబ్బనం

నవారు నైలాన్‌దైనా పాలీప్రొపిలీన్‌దైనా పరవాలేదు. పాలీప్రొపిలీన్ చవక, నీళ్ళు పీల్చదు. దానికి గమ్ సరిగా పట్టదు గానీ, ఇక్కడ నవారుకి వేసేది కుట్టే కాబట్టి అది అడ్డు కాదు. సాగే ఎలాస్టిక్ మాత్రం వద్దు. అరలు తగిలించగానే బెల్టు తుంటి మీదకి వేలాడుతుంది.

డబ్బు ఆదా చేయాలంటే బకిల్, నవారు పాత బ్యాగు నుంచి ఊడదీయండి. నేల మీద పరిచే పజిల్ మ్యాట్లు కూడా ఈవీఏ ఫోమే. ఒక వైపు గీతలుంటాయి, ఆ వైపు లోపలికి పెడితే సరి. మ్యాటుని గోరుతో నొక్కి చూడండి. గుంట వెంటనే పూడితే గట్టి ఫోమ్. అలాగే ఉండిపోతే మెత్తది, దాంతో చేసిన అంచులు రెండు మూడు వాడకాలకే నలిగిపోతాయి. యోగా మ్యాట్లు చవగ్గా కనిపిస్తాయి కానీ వాటిలో చాలా వరకు వేరే పదార్థంతో చేసినవి. గమ్ నిలవదు, వేడికి ఈవీఏలా వంగవు. థర్మకోల్ జోలికి అసలు పోవద్దు. కాంటాక్ట్ గమ్‌లోని ద్రావకం, స్ప్రే పెయింటు రెండూ దాన్ని కరిగించేస్తాయి.

కొలత

వేషం మొత్తం, లోపల వేసుకునే దూదికండల చొక్కాతో సహా, వేసుకున్నాకే నడుము కొలవాలి. బెల్టు ఎక్కడ కూర్చుంటుందో అక్కడే: బొడ్డు దగ్గరా, తుంటి మీదా అన్నది పాత్రని బట్టి. నిలబడి ఒకసారి, కుర్చీలో కూర్చుని ఒకసారి కొలిచి, పెద్ద సంఖ్య తీసుకోండి.

ఇక్కడ చాలామంది తప్పే లెక్క ఒకటుంది. చుట్టూ తిరిగే దానికి మందం పెరిగితే చుట్టుకొలత పెరుగుతుంది: మందాన్ని 6.28తో గుణిస్తే ఎంతొస్తే అంత. 5 మి.మీ. ఫోమ్‌కి లోపలి ముఖానికీ పై ముఖానికీ 3 సెం.మీ. పైనే తేడా. బల్ల మీద పరిచి నడుము కొలతకే కత్తిరించిన ఫోమ్, కట్టుకోబోతే చాలకపోవడానికి కారణం ఇదే. ఫోమ్‌ని ఎడమ, కుడి రెండు సగాలుగా చేసి, ముందు బకిల్‌ని దాచే చిహ్నం కింద 7.5 సెం.మీ., వెనక 2 సెం.మీ. ఖాళీ వదులుతాం కాబట్టి అన్నీ కలిపితే లెక్క సులువుగా తేలుతుంది: నడుము కొలత నుంచి 6 తీసేసి సగం చేయండి. 90 సెం.మీ. నడుముకి ఒక్కో సగం 42 సెం.మీ. నవారు 120 సెం.మీ.

ఫోమ్ వెడల్పు 6.5 సెం.మీ. అంతకన్నా వెడల్పైన బెల్టు కావాలంటే తిన్నటి పట్టీ పనికిరాదు. నడుము కింద తుంటి వెడల్పుగా ఉంటుంది కదా, తిన్నటి పట్టీకి పై అంచు నోరు తెరుచుకుంటుంది. ముందు అట్ట మీద నమూనా గీసి, పై అంచు నుంచి ప్రతి 10 సెం.మీ.లకి ఒక చీలిక పెట్టి, చీలిక దగ్గర 3, 4 మి.మీ. ఒకదాని మీద ఒకటి వచ్చేలా అతికించండి. అట్ట కొద్దిగా విల్లులా వంగుతుంది. ఒంటికి చుట్టి చూసి, అంచు పట్టాక, ఆ వంపునే ఫోమ్ మీద గీసుకోండి.

నవారు, బకిల్

నవారు చివరలు లైటర్ మంటతో కరిగించి పోగులు రాకుండా మూసేయండి. కరిగిన చివర చల్లారేదాకా వేలితో నొక్కొద్దు, అతుక్కుని చర్మం కాలుతుంది. బకిల్‌లో సర్దుబాటు లేని భాగం ఎడమ చివరకి: నవారు 5 సెం.మీ. లోపలికి మడిచి, 3 సెం.మీ. చతురస్రం కుట్టి, మధ్యలో అడ్డంగా రెండు కర్ణాల్లా గుణకారపు గుర్తు కుట్టండి. మిషను మీదైతే 16 లేదా 18 నంబరు సూది, 3 మి.మీ. కుట్టు. చేత్తో అయితే దబ్బనంతో ముందే కన్నాలు పొడుచుకుని, దారం రెండు పేటలు చేసి, వెనక కుట్టు వేయండి. వరస కుట్టు వేస్తే ఒక్క చోట దారం తెగితే చాలు, మొత్తం ఊడుతుంది.

కుడి చివర సర్దుబాటు భాగంలోంచి పోతుంది. మిగిలిన తోక వేలాడకుండా ఎలాస్టిక్ ఉంగరం ఒకటి తొడగండి. ఇది కట్టుకుని, ఫోమ్ లేకుండానే కాసేపు నడవండి, వంగండి, కూర్చోండి. నవారు బెల్టు ఒక్కటీ నడుము మీద నిలిచిందంటే మిగతాదంతా అలంకారమే.

ఫోమ్ కోయడం, వంచడం

కట్టర్ బ్లేడుని నిటారుగా పట్టుకుని, స్టీలు స్కేలు ఆనించి, ఒకే గీతలో లాగండి. కోత పక్కన చిన్న చిన్న పీలికలు లేస్తుంటే బ్లేడు మొద్దుబారిందని అర్థం. ఒక ముక్క విరిచి కొత్త మొన తీయండి. బ్లేడు ఆదా చేయబోతే ఫోమ్ దండగ.

గమ్ పెట్టడానికి ముందే వంపు తెచ్చుకోవాలి. హీట్ గన్‌ని ఫోమ్‌కి 8 నుంచి 10 సెం.మీ. దూరంలో, ఒక చోట ఆపకుండా, ఇటూ అటూ ఆడిస్తూ వేడి చేయండి. మొదట ఏమీ జరిగినట్టుండదు. తర్వాత పొడిబారినట్టున్న పై ముఖం కొద్దిగా ముదురు రంగుకి తిరిగి, సన్నటి మెరుపు వస్తుంది. పై రంధ్రాలు మూసుకున్నాయన్నమాట. రంగు ఫోమ్‌లోకి ఇంకిపోకుండా నిలవడానికి కూడా ఇదే ఆధారం. మెరుపు రాగానే నడుమంత లావున్న బకెట్‌కి చుట్టి, చల్లారేదాకా పట్టుకోండి. వదిలాక కొంత తిరిగి తెరుచుకుంటుంది, కాబట్టి కావలసిన దానికన్నా కొంచెం ఎక్కువే వంచాలి. బుడగలు లేచినా, అంచులు ముడుచుకున్నా వేడి మించింది. ఆ ముక్క ఇక చిన్న పనులకే.

తిన్నగా ఉండగా రంగేసి తర్వాత వంచిన బెల్టు మీద అడ్డ పగుళ్ళు రావడం ఖాయం. పై ముఖం సాగుతుంది, రంగు సాగదు. వంచాకే రంగు.

గమ్, వెనక దారి

అంటించే ముఖాలని ఉప్పు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచేయండి. కాంటాక్ట్ గమ్ రెండు ముఖాలకీ పల్చగా పూయాలి. పూసి వెంటనే అతికించకూడదు. 10, 15 నిమిషాలు ఆగి, వేలి వెనకభాగంతో తాకితే జిగురుగా అనిపించి వేలికి అంటకుండా ఉన్నప్పుడు కలపాలి. తడి మీదే కలిపితే ద్రావకం మధ్యలో ఇరుక్కుపోయి, మర్నాటికి కూడా ఆ అతుకు జారుతూనే ఉంటుంది. ఆరాక కలిపితే తాకిన చోటే పట్టేస్తుంది, జరపడానికి కుదరదు. పొడుగు ముక్కలకి మధ్యలో వెన్న కాగితం పెట్టి, ఒక చివర నుంచి కొద్దికొద్దిగా లాగుతూ నొక్కుకు రండి. పూర్తి బలం రావడానికి ఒక రోజు పడుతుంది.

ఈ గమ్ ఆవిరికి నిప్పంటుకుంటుంది. గమ్ డబ్బా మూత తెరిచి ఉన్న గదిలో హీట్ గన్, లైటర్ వాడొద్దు. కిటికీలు తెరవండి. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు ఆవిరిని ఆపవు. ద్రావకాల ఆవిరికని చేసిన కార్ట్రిడ్జ్ మాస్కే పనికొస్తుంది.

హాట్ గ్లూతో (గన్‌లో కరిగించి వేసే గమ్‌తో) చేస్తే త్వరగా అవుతుంది నిజమే. కానీ ఎండలో నిలిపిన కారులో ఒక మధ్యాహ్నం వదిలేస్తే మెత్తబడి ఊడుతుంది. తొందర మరమ్మతుకి దాచుకోండి, అంతే.

ఇక నవారు దూరే దారి. జీన్స్ గుడ్డని 6.2 సెం.మీ. వెడల్పు, 8 సెం.మీ. పొడవు ముక్కలు కోయండి, ఒక్కో సగానికి మూడు. ప్రతి ముక్కకీ పై అంచున 1 సెం.మీ., కింది అంచున 1 సెం.మీ. మాత్రమే గమ్ రాసి ఫోమ్ వెనక అంటించండి. మధ్యలో 4 సెం.మీ. పైచిలుకు ఖాళీ మిగులుతుంది, 38 మి.మీ. నవారు అందులోంచి దూరుతుంది. అంటించేటప్పుడు లోపల నవారు ముక్క ఒకటి పెట్టి అంటిస్తే గుడ్డకి కావలసిన వదులు దానంతటదే వస్తుంది. ఆరాక నవారు లాగి చూడండి: ఇరుకుగా పోతుంటే ఇప్పుడే ఊడదీసి మళ్ళీ అంటించడం మేలు, రంగేశాక చేయలేరు.

పై వైపు అందానికి 2 మి.మీ. ఫోమ్‌ని 8 మి.మీ. వెడల్పు పట్టీలుగా కోసి రెండు అంచులకీ అంటిస్తే, బెల్టు గట్టి తోలుతో చేసినట్టు కనిపిస్తుంది. వెనక 2 సెం.మీ. ఖాళీని కప్పడానికి 10 సెం.మీ. ఫోమ్ పలక ఒకటి, ఎడమ సగానికి మాత్రమే అంటించండి. కుడి సగం దాని కింద జారుతుంది. భోజనం ముందూ తర్వాతా నడుము ఒక్కలా ఉండదు, ఈ జారుడు అందుకే.

ముందు చిహ్నం

12 సెం.మీ. వెడల్పు, 9 సెం.మీ. ఎత్తు పలక 5 మి.మీ. ఫోమ్‌తో. దాని వెనక చుట్టూ 10 మి.మీ. ఫోమ్‌తో, 1.2 సెం.మీ. వెడల్పున చట్రం. ఆ గుంటలో అసలు బకిల్ దాక్కుంటుంది. పలక మీద చిహ్నాన్ని 2 మి.మీ. ఫోమ్‌తో కోసి అంటించండి.

చిహ్నం తలుపులా తెరుచుకోవాలి, లేకపోతే బకిల్ విప్పడానికి చెయ్యి పట్టదు. ఎడమ చట్రాన్ని ఎడమ ఫోమ్ సగానికి గుడ్డ పట్టీతో మడతబందులా అంటించండి. కుడివైపు రెండు చిన్న అయస్కాంతాలు, లేదా వెల్‌క్రో. అయస్కాంతాలకి గమ్ రాసే ముందు జతలు కలిపి, ఆకర్షించే ముఖాల మీద పెన్నుతో గుర్తు పెట్టండి; తిరగేసి అంటించిన అయస్కాంతం తలుపుని తోసేస్తుంది. పిల్లల బెల్టుకి అయస్కాంతాలు పెట్టనే పెట్టొద్దు. ఊడిపడ్డవి రెండు మింగితే పేగుల గోడలు వాటి మధ్య నలిగి ప్రాణం మీదకి వస్తుంది.

పిల్లలకైతే బకిల్ కూడా అక్కర్లేదు, 12 సెం.మీ. పొడవునా వెల్‌క్రో కుడితే చాలు. పక్కకి లాగితే వెల్‌క్రో గట్టిగా పట్టుకుంటుంది, చివర పట్టి పైకి లేపితే సులువుగా ఊడుతుంది, బాత్రూముకి పరిగెత్తేటప్పుడు కావలసింది అదే. కొక్కేల వైపు ఎప్పుడూ ఒంటికి దూరంగా, బయటికి చూడాలి. లోపలికి చూస్తే సాగే సూటు గుడ్డని పోగులు పోగులుగా పీకేస్తుంది.

అరలు

ఒక్కో అర 7 సెం.మీ. వెడల్పు, 8 సెం.మీ. ఎత్తు, 3.5 సెం.మీ. లోతు. ఆరు విడి పలకలతో పెట్టె కడితే అతుకులెక్కువ, ఊడే చోట్లూ ఎక్కువే. మూడు ముక్కలతో కట్టండి.

మొదటిది 23 సెం.మీ. పొడవు, 2.5 సెం.మీ. వెడల్పు పట్టీ. 8వ సెంటీమీటరు దగ్గర, 15వ సెంటీమీటరు దగ్గర అడ్డగీతలు గీసి, గీతకి ఇటు 4, అటు 4 మి.మీ. వదిలి, కట్టర్‌ని 45 డిగ్రీలు వాల్చి గాడి తీయండి. అడుగున ఒక మిల్లీమీటరు పొర మిగలాలి. గాడిలో గమ్ రాసి మడిస్తే రెండు పక్కలూ, అడుగూ ఒకే ముక్కలో వస్తాయి. రెండోది ముందు పలక, 7 × 8. మూడోది వెనక పలక, మూతతో కలిపి 7 × 15.5: ఎనిమిది వెనక, మూడున్నర పైన, నాలుగు ముందుకి దిగే మూత.

మూత మడత దగ్గరే అరలన్నీ చిరుగుతాయి. ఫోమ్‌ని పదేపదే మడిస్తే అక్కడ తెల్లబడి, పగిలి, ఊడుతుంది. మడత లోపలివైపు 4 సెం.మీ. వెడల్పు గుడ్డ పట్టీ అంటిస్తే ఎన్నిసార్లు తెరిచినా గుడ్డ మోస్తుంది. తెరవనవసరం లేని అరలుంటే మూతలు శాశ్వతంగా అంటించేయండి. పని సగమవుతుంది, ఎవరికీ తెలియదు.

బెల్టుకి తగిలించడం: వెనక పలకలో, మధ్యలో, 3 సెం.మీ. ఎడంతో రెండు అడ్డ చీలికలు పెట్టండి, ఒక్కోటి 2.6 సెం.మీ. 25 మి.మీ. నవారుని ఒక చీలికలోంచి లోపలికి దూర్చి రెండోదాంట్లోంచి బయటికి తీసి, లోపల కనిపించే భాగం మీద గుడ్డ ముక్క అంటించండి. రెండు చివరలకీ వెల్‌క్రో కుట్టి, ఫోమ్‌నీ లోపలి నవారునీ కలిపి చుట్టేసి మూయండి. ఇలా చేస్తే అర బరువు గమ్ మీద ఉండదు, కావలసిన చోటికి జరుపుకోవచ్చు కూడా. ఇదంతా పెట్టె మూయకముందే చేయాలి.

ఫోన్ పెట్టే అరకి మాత్రం ఫోమ్‌ని నమ్మొద్దు. చిన్న గుడ్డ సంచి కుట్టి, వెనక చీలికల్లోంచి వచ్చే నవారుకే దాన్ని కలిపి కుట్టేయండి. ఆ అర తుంటి పక్కన ఉండాలి. ముందుంటే కూర్చున్నప్పుడు తొడకి గుచ్చుకుంటుంది.

రంగు

గట్టిపడే ఎనామిల్ పెయింటు పెళుసు. మొదట సాగే రబ్బరు పూత, ప్లాస్టి డిప్ లాంటిది, పల్చగా మూడు సార్లు, మధ్యలో అరగంట ఆరబెడుతూ. దాని మీద యాక్రిలిక్ రంగులు. రబ్బరు పూతకి బదులు తెల్ల గమ్‌ని సగానికి సగం నీళ్ళు కలిపి ఐదారు పూతలు వేసేవాళ్ళున్నారు. చవకే, అరల వంటి వంగని భాగాలకి బానే ఉంటుంది. వంగే పట్టీ మీద పగులుతుంది, చెమట తగిలితే జిగటవుతుంది.

పసుపు బెల్టుకి ఫోమ్ మీద నేరుగా పసుపు వేయొద్దు. పసుపు రంగుకి కప్పే గుణం తక్కువ. కింద నలుపో బూడిద రంగో ఉంటే ముదురు ఆకుపచ్చగా తేలుతుంది. ముందు తెల్లటి పూత, తర్వాత పసుపు రెండు పూతలు. వెండి రంగు చిహ్నానికి దీనికి సరిగ్గా వ్యతిరేకం: కింద నిగనిగలాడే నలుపు ఉంటేనే లోహంలా కనిపిస్తుంది.

ఫోమ్ బదులు రెక్సిన్ వాడితే రంగు వేయకుండా అదే రంగు రెక్సిన్ కొనుక్కోవడం మంచిది. రెక్సిన్‌ని మెత్తగా ఉంచే నూనె లాంటి పదార్థం పైకి ఊరుతూ ఉంటుంది, దాని మీద వేసిన ఎనామిల్ నెలలు గడిచినా అంటుకుంటూనే ఉంటుంది.

జారకుండా, చెడకుండా

నున్నటి సూటు మీద ఏ బెల్టయినా తిరుగుతుంది. సూటు పక్క కుట్ల దగ్గరా, వెనకా ఎలాస్టిక్ ఉంగరాలు మూడు కుట్టి, లోపలి నవారు మాత్రమే వాటిలోంచి పోయేలా చేయండి, బయటికి కనిపించవు. సూటుకి కుట్టడం ఇష్టం లేకపోతే నవారు దూరే గుడ్డ ముక్కల మీద, ఒంటి వైపు, అలమారలో గిన్నెల కింద పరిచే జారని రబ్బరు జాలీ ముక్కలు కుట్టండి.

తొడుక్కునేటప్పుడు ముందు చేతి తొడుగులు వేసుకుని, వాటితోనే బకిల్ తీసి పెట్టి చూసుకోండి. తొడుగుల వేళ్ళు లావుగా ఉంటే బకిల్ రెండు చెవులకీ అందేలా చట్రం లోపల పైనా కిందా అర సెంటీమీటరు చెక్కాల్సి వస్తుంది.

వెంట కాంటాక్ట్ గమ్ చిన్న ట్యూబు, గుడ్డ ముక్క, సూదీ దారం ఉంచుకోండి. సూపర్ గ్లూ వెంటనే పడుతుంది కానీ గాజులా గట్టిపడి, పక్కనున్న మెత్తటి ఫోమ్‌ని కోస్తుంది. వంగని చోటే వాడండి. దాచేటప్పుడు మడవకుండా, బెల్టుని వంచిన వంపులోనే, లోపల చుట్టిన తువ్వాలు పెట్టి పెట్టెలో నిలబెట్టండి. అరల మూతలు మూసి ఉంచాలి, చిహ్నం తలుపు మాత్రం తెరిచి, మధ్యలో కాగితం పెట్టండి: రబ్బరు పూత పూసిన రెండు ముఖాలు వేడికి నెలల తరబడి ఒత్తుకుంటే అతుక్కుపోయి, తెరిచినప్పుడు రంగు ఊడి వస్తుంది.